చీలమండ బెణికిన టీచరమ్మ

గుత్తి కోట కింద మా ఇల్లు. దూది ఏకడం, పరుపులు కుట్టడం మా ఇంటి పని. నాకు పెళ్లై రెండేండ్లయింటుంది. దొరలు దేశం విడిచి పదేండ్లు దాటినా, మా వీధిలో తెల్లామె కనబడితే జనం వాకిట్లోకి వచ్చి చూసేవాళ్లు. అట్లాంటిది ఒకరోజు పొద్దున ఒక ఇంగ్లండు ఆమెను ఇద్దరు మనుషులు మోసుకొచ్చి మా అరుగు మీద కూర్చోబెట్టినారు. ఒక్కతే దేశాలు తిరుగుతోందట. కోట మెట్ల మీద జారి చీలమండ బెణికింది.

మా అత్తమ్మ చింతాకు ఉడకబెట్టి కట్టు కట్టి, "వారం దినాలు యాడికీ కదలద్దని చెప్పు" అనింది. ఎనిమిది దాకా చదివిన నేను వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పినా. కొత్త పరుపు మీద కాలు చాపుకొని ఆమె మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఊరికే కూర్చుంటే ఆమెకు తోచలేదు. మూడోనాడు, నాతో పరుపులు కుట్టే ఆడవాళ్లకు ఇంగ్లీషు చెప్తాననింది. పలకా బలపం లేదు, అంతా నోటిమాటే. సూది చూపించి ఆమె "నీడిల్" అంటే మేం అనాల. మేమంతా సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే, అక్షరం రాని మా అత్తమ్మ గొంతెత్తి పలికింది.

నేర్చుకున్నది వాడింది కూడా. టీచరమ్మ కుంటుకుంటూ లేవబోతే "సిట్ డౌన్!" అని గద్దించింది. టీచరమ్మ ఠక్కున కూర్చుండిపోయింది. మేం కడుపు పట్టుకొని నవ్వినాం. మాకంటే ఎక్కువ ఆమే నవ్వింది.

పదిరోజులకు కాలు నయమైంది. జట్కాలో స్టేషనుకు పోయి రైలెక్కించినాం. "పోయొస్తా అత్తమ్మా" అనింది, నన్ను విని నేర్చుకున్న పిలుపుతో. అత్తమ్మ ఆమె చెయ్యి వదల్లేదు. గార్డు ఈల వేసినాక నేనే విడిపించినా.

మరుసటిరోజు పని ముగిసినా ఆడవాళ్లెవరూ లేవలేదు. అందరూ నావైపే చూస్తాండారు.

"ఏమ్మే, ఇంక నువ్వు చెప్పు" అనింది అత్తమ్మ.

"నాకేమొస్తుంది అత్తమ్మా?"

"వచ్చినకాడికి చెప్పు."

దూది, దారం, కత్తెర చెప్పినా. ఒకామె, "దూది ఏకడాన్ని ఏమంటారు?" అని అడిగింది.

"తెలీదు" అన్నా.

"తెలీదు అనేదాన్ని ఇంగ్లీషులో ఏమంటారో అదన్నా చెప్పు" అనింది అత్తమ్మ.

అది నాకొచ్చు. "ఐ డోంట్ నో" అన్నా. అందరూ ఒక్కసారిగా అందుకున్నారు. బయట దూది ఏకుతున్న మామ ఉలిక్కిపడి లోపలికి తొంగిచూసి, "ఏం జరుగుతాండాది ఈడ?" అన్నాడు.

"ఐ డోంట్ నో!" అని మేమంతా ఒకే గొంతుతో అరిచినాం.