వీధి వైపు తిప్పిన చెప్పులు

ప్రార్థనా మందిరం గుమ్మం దగ్గర చెప్పులు కాసే ఆవిడని అందరూ పిన్నీ అనే పిలిచేవారు. విడిచిన ప్రతి జతనీ వీధి వైపు తిప్పి పెట్టడం ఆమె అలవాటు. బయటికొచ్చేవాళ్లు కాళ్లు దూర్చుకుని వెళ్లిపోతే చాలు. ఎడాపెడా విసిరేసేవాళ్లని మాత్రం, "కాళ్లా, గిట్టలా అవి?" అని దులిపేసేది.

ఒకరోజు లోపలికి వెళ్లినవాడొకడు నడుముకి కట్టుకున్న బాంబు పేల్చుకున్నాడు. వాడు పక్క దేశంవాడని తేలగానే ప్రభుత్వం సరిహద్దు మూసేసి, అటువైపు యుద్ధ విమానాలు పంపింది. మందిరానికి ఇనుప గేటు బిగించింది. పోయినవాళ్ల చెప్పుల్ని వాళ్ల ఇంటివాళ్లు వచ్చి ఏడుస్తూ పట్టుకెళ్లారు. గుమ్మం దగ్గర చివరికి ఒక్క జత మిగిలింది.

"ఇవి వాడివే. చూసినప్పుడు నీకు అనుమానమే రాలేదా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, వాటిని సంచిలో వేసుకుంటూ.

"ఎందుకొస్తుంది బాబూ! దేవుడి దగ్గరికి చెప్పులతో వెళ్లకూడదని వాడికీ తెలుసు. చక్కగా జత చేసి మరీ విడిచాడు."

ఇన్‌స్పెక్టర్ సంచి మూతి కట్టాడు. ఆమె ఖాళీ అయిన చోటుని గుడ్డతో తుడిచింది.

"నేనూ అందరివాటిలాగే వీధి వైపు తిప్పి పెట్టాను," అంది. "తిరిగొస్తాడు కదా అని."