ఎల్బీ నగర్ చౌరస్తాలో మా అక్రిడిటేషన్

ఒక డిగ్రీ కాలేజీని ముంచడానికి మూసీకి వరద రానక్కర్లేదు. అతితెలివి ఉన్న లెక్చరర్ ఒక్కరు చాలు. చైతన్యపురిలో ఒక సందు చివరనున్న కాలేజీకి అలాంటి లెక్చరర్ దొరికింది. అది నేనే. ఎలా ముంచానో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. నాకు నవ్వు రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

అప్పుడు తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉంది. నేను బీకాం పిల్లలకు అకౌంటింగ్ చెప్పేదాన్ని. మా అకౌంటింగ్ కోర్సుకు అక్రిడిటేషన్ కావాలని కాలేజీ దరఖాస్తు పెట్టుకుంది. అంటే బయటి యూనివర్సిటీల ప్రొఫెసర్లు ముగ్గురు వచ్చి, పాఠాలెలా చెబుతున్నామో చూసి, పిల్లలతో మాట్లాడి, ఈ కోర్సు పనికొస్తుందని ముద్ర వేస్తారన్నమాట. ముద్ర పడితే నా ఉద్యోగం పర్మనెంటు. పడకపోతే కోర్సు ఎత్తేస్తారు, దాంతోపాటు నన్నూ ఎత్తేస్తారు. మా ప్రిన్సిపాల్ గారిది తెనాలి వైపు. ఈ సంగతి ఆయన ఎంత మర్యాదగా చెప్పారంటే, గది దాటి బయటికి వచ్చాక గానీ నాకు భయం వేయలేదు.

చిక్కంతా పిల్లలతోనే. రోజుకో బంద్, పూటకో ర్యాలీ. క్లాసులో బెంచీలు తప్ప ఎవరూ కనిపించడం లేదు. హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి కాబట్టి అందరూ నల్గొండ వైపు తమ ఊళ్ళకు వెళ్ళిపోయి ఉంటారని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఒక్కరికైనా ఫోన్ చేసి అడిగానా అంటే, లేదు. అడగడం తెలివితక్కువ వాళ్ళ పని అని ఆ వయసులో నా గట్టి నమ్మకం. పోనీ తేదీ మార్చమందామంటే, మారిస్తే మళ్ళీ వచ్చే ఏడాదేనని కమిటీ వాళ్ళు తేల్చి చెప్పేశారు.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. మా కాలేజీకి ఎదురుగా బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్ ఉండేది. ఉద్యమం వచ్చినా తుఫాను వచ్చినా తలెత్తకుండా లెక్కలు చేసుకునే పిల్లలు కొందరు అక్కడ ఎప్పుడూ ఉండేవారు. ఒక్క పూట మా సెకండియర్ బీకాం క్లాసులో కూర్చోమని వాళ్ళను బతిమాలాను. మధ్యాహ్నం బిర్యానీ పెట్టిస్తానని మాటిచ్చాను. ఎవరొచ్చినా లేచి నిలబడాలి, ఏ క్లాసని అడిగితే సెకండియర్ అనాలి, అంతకుమించి నోరు విప్పకూడదు అని తర్ఫీదు కూడా ఇచ్చాను. ప్రిన్సిపాల్ గారు అదిరిపడ్డారు.

"తప్పేమోనమ్మా," అన్నారు.

"తప్పే సార్. కానీ అటెండెన్స్ బాగుంటుంది," అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నారు. దాన్ని నేను అనుమతి కింద జమకట్టుకున్నాను.

ఇక ఆ రోజు రానే వచ్చింది. ఎయిర్‌పోర్టు నుంచి వస్తున్న కమిటీ వాళ్ళకు ఎల్బీ నగర్ దగ్గర ఎదురెళ్ళి తీసుకురావడం నా పని. నేను వాళ్ళ కారెక్కి నమస్కారాలు పూర్తిచేసే లోపే కారు ఆగిపోయింది. చౌరస్తా నిండా జెండాలు, డప్పులు. నడిరోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు, వాటి మీద పెళ్ళివంటలకు వాడే గంగాళాలు. వంటావార్పు జరుగుతోంది. రోడ్డు మీదే వండుకుని, అక్కడే తిని, బండ్లన్నీ ఆపేసే నిరసన అది. కమిటీ ఛైర్మన్ బళ్ళారి వైపు పెద్దాయన, తెలుగు బాగానే వచ్చు. ఆయన గడియారం చూసుకుని, ఆలస్యమైతే మేము ఇటు నుంచి ఇటే వెనక్కి వెళ్ళిపోతామమ్మా, సాయంత్రం విమానం ఉందన్నారు. ఆయన వెనక్కి తిరిగితే నా ఉద్యోగం కూడా అదే విమానం ఎక్కేస్తుంది.

గబగబా కారు దిగి, కండువా వేసుకున్న ఒకాయన దగ్గరికి వెళ్ళాను.

"అన్నా, వీళ్ళు పెద్ద ప్రొఫెసర్లు. మన ఉద్యమానికి సంఘీభావం చెప్పనీకి ఒచ్చిండ్రు. జర తొవ్వ ఇయ్యండ్రి," అన్నాను.

ఆ రోజుల్లో హైదరాబాదులో ఉన్నవాళ్ళు ఈ మాట చదవగానే తల పట్టుకుని ఉంటారు. అప్పట్లో ఒకరోజు లాయర్లు, ఇంకోరోజు డాక్టర్లు, ఇలా ఎవరో ఒకరు శిబిరాలకు సంఘీభావం చెప్పడానికి వస్తుండేవారు. వచ్చినవాళ్ళతో మాట్లాడించకుండా, అన్నం పెట్టకుండా ఎవరూ పంపేవారు కాదు. ఈ సంగతి నాకు తెలియకనా? అలా వెళ్ళి మాట్లాడి, తిని వచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను.

"తొవ్వ ఏడికి పోతదక్కా," అన్నాడాయన. "గంత దూరం నుంచి మన కోసం ఒచ్చినోళ్ళు ముద్ద ముట్టకుండ పోతరా?"

కారు తలుపులు నాలుగూ తెరుచుకున్నాయి. ముగ్గురు ప్రొఫెసర్లకూ కండువాలు పడ్డాయి, నుదుటి మీద గులాల్ పడింది, ఛైర్మన్ గారి చేతిలో మైకు పడింది. ఆయన నా వైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. పెద్దమనిషి కదా, తమాయించుకుని, పిల్లలందరూ బాగా చదువుకోవాలని నాలుగు ముక్కలు మాట్లాడారు. చౌరస్తా చప్పట్లతో మారుమోగింది. తర్వాత రోడ్డు మీదే బంతి వేసి కూర్చోబెట్టారు. ఆయనకు పచ్చిపులుసు తెగ నచ్చింది. మళ్ళీ వేయించుకున్నారు కూడా. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

"మేడం, మీరు గూడ ఒచ్చిండ్రా?"

తలెత్తి చూస్తే పచ్చిపులుసు బకెట్టుతో మా సెకండియర్ శ్రీశైలం. వాడి వెనక అన్నం వడ్డిస్తున్నది మా సెకండియర్. అటు పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్నది మా సెకండియర్. ఊళ్ళకు వెళ్ళిపోయారని నేను లెక్క తేల్చేసిన క్లాసు మొత్తం ఎల్బీ నగర్‌లో గరిటెలు పట్టుకుని ఉంది. మన మేడం ఒచ్చింది అంటూ అందరూ చుట్టూ మూగారు. ఛైర్మన్ గారి మొహం వెలిగిపోయింది. వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఎంతో ఇష్టంగా మాట్లాడారు. మేడం బాగ చెప్తది సార్, అర్థం కాకుంటే మల్ల మల్ల చెప్తది అన్నారు పిల్లలు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలో ఆయన ఇంకొక ప్రశ్న అడిగారు.

"మీ క్లాసులో అందరూ ఇక్కడే ఉన్నారా?"

"ఒక్కరు గూడ తప్పిపోలే సార్," అన్నాడు శ్రీశైలం గర్వంగా. "మొత్తం సెకండియర్ ఈడనే ఉన్నది."

చేతిలో ముద్ద విస్తట్లోనే వదిలేశాను. పక్కకు వెళ్ళి ప్రిన్సిపాల్ గారికి ఫోన్ మీద ఫోన్ కొట్టాను. ఆయన ఎత్తలేదు. కోచింగ్ పిల్లలతో లేచి నిలబడడం ప్రాక్టీస్ చేయిస్తూ ఫోన్ మూగబెట్టేశారని తర్వాత తెలిసింది.

మేము కాలేజీ చేరేసరికి సెకండియర్ గది కిటకిటలాడుతోంది. అందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ప్రాక్టీసు వృథా పోలేదు.

"సెకండియర్ బీకాం సార్. ఒక్కళ్ళు కూడా మానలేదండీ," అన్నారు ప్రిన్సిపాల్ గారు మురిసిపోతూ.

ఛైర్మన్ గారు కండువా సర్దుకుని నా వైపు తిరిగారు. అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా? చెప్పలేదు. ఇది బీ సెక్షన్ సార్ అన్నాను. మా కాలేజీలో ఏ సెక్షనే లేదు. ఆయన తల ఊపి, ముందు బెంచీ అబ్బాయిని మీ అకౌంటింగ్ మేడం పేరేమిటి బాబూ అని అడిగారు. ఎన్ని నేర్పానో గానీ, నా పేరు నేర్పడం మరిచిపోయాను. ఆ అబ్బాయి పాపం ఉన్నమాటే చెప్పాడు.

"పేరు తెల్వద్సార్. మేమైతే బిర్యానీ మేడం అంటం."

ముద్ర పడలేదు. వెళ్ళేముందు ఛైర్మన్ గారు నన్ను పక్కకు పిలిచారు.

"రోడ్డు మీద నువ్వు చూపించిన క్లాసు చాలా మంచి క్లాసమ్మా," అన్నారు. "అది చూపించి ఊరుకుని ఉంటే ఈ రోజే సంతకం పెట్టేవాణ్ణి."

తిట్టినా బాగుండేది. ఆ వేసవికి కోర్సూ పోయింది, నేనూ పోయాను.

కాబట్టి చదువరులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా పిల్లలు ఎక్కడున్నారో ముందు వాళ్ళనే అడుగుతాను. నాది కాని క్లాసును ఈ జన్మలో నాదని చెప్పను. ఇక సంఘీభావం అనే మాటను, బాగా ఆకలి వేసినప్పుడు తప్ప, నోటి వెంట రానివ్వను.