తెల్లకొంగకు మొదటి ర్యాంకు

నన్ను ఎవరికైనా పరిచయం చెయ్యాల్సి వస్తే మా ఆవిడ లైక్వెన్, "ఈయన వారమంతా లిఫ్టులు తనిఖీ చేస్తాడు, శనివారం మాత్రం ఇయర్‌ఫోన్లు తనిఖీ చేస్తాడు" అంటుంది. మొదటిది కడుపు కోసం, రెండోది పరువు కోసం. మా పేట షామ్ షుయ్ పోలో ఏ దుకాణంలో అడిగినా "ఇయర్‌ఫోన్ల మాక్ గారా, తెలియకేం" అంటారని నా నమ్మకం. ఇంతవరకూ ఎవరూ అడిగి చూడలేదనుకోండి, అది వేరే సంగతి.

శనివారం మధ్యాహ్నం మేం నలుగురం మార్కెట్ వీధి మూలనున్న టీ హోటల్లో చేరతాం. నేను, బ్యాంకులో పనిచేసే ఫాయ్, ఇయర్‌ఫోన్ల దుకాణం నడిపే యిప్, తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసి రిటైరైన పాంగ్ అన్న. తలా ఒక సంచీ, సంచీ నిండా చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లు. నలుగురం నాలుగు పాలటీలు చెప్పి సాయంత్రం దాకా బల్ల ఖాళీ చెయ్యం. మమ్మల్ని చూస్తే హోటలు యజమానురాలికి ఒళ్ళు మంట. వెన్న పెట్టిన అనాసబన్ను తెచ్చి బల్లమీద పడేసే తీరులోనే అది తెలిసిపోతుంది.

ఈ పిచ్చి నాకు అంటించింది పాంగ్ అన్నే. ఒకప్పుడు ఆయన ఉండే మేడలో లిఫ్టు పరీక్షించి, అంతా భేషుగ్గా ఉందని సంతకం పెట్టి, అదే లిఫ్టులో కిందికి దిగుతూ మధ్యలో ఇరుక్కుపోయాను. నాతోపాటు ఉన్నది ఈయనొక్కడే. నన్ను తిట్టలేదు. నా చొక్కామీద ఉన్న కంపెనీ పేరు చూసి, నవ్వు ఆపుకుని, జేబులోంచి ఇయర్‌ఫోన్ తీసి "మీవాళ్ళు వచ్చేదాకా ఇది వినండి" అన్నాడు. ఏదో పాత పాట, ఆడగొంతు. ఆమె ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది. బయటికి తీసుకొచ్చాక మా ఆఫీసువాళ్ళు పెట్టిన చీవాట్లు మాత్రం నాకు సరిగ్గా వినపడలేదు.

అక్కణ్ణుంచి శిష్యుణ్ణయ్యాను. కొన్నేళ్ళు తిరిగేసరికి గురువుని పక్కకి జరిపి ఆ కుర్చీలో నేనే కూర్చున్నాను. ఆయన రెండు ముక్కల్లో తేల్చేసేదాన్ని నేను అరగంట చెప్పేవాణ్ణి. "పై స్వరాల్లో తడి ఉంది", "మధ్యలో గాలి ఆడుతోంది", "డోలు దెబ్బకి వెన్నెముక లేదు". వాటి అర్థం నాకూ తెలీదు. కానీ ఫాయ్ ఫోనులో రాసుకునేవాడు. రాసుకునేవాడు ఒకడుంటే వాగేవాడికి హద్దేముంది.

ఏటా కొత్త సంవత్సరం సెలవులయ్యాక వచ్చే శనివారం మా బల్లమీద ర్యాంకులు ఇస్తాం. ఒక్కో జతా చేతులు మారుతుంది. స్పిరిట్ దూదితో తుడుచుకోవాలి, అందరూ అదే పాట వినాలి, తలా ఒక మాట చెప్పాలి. ఆఖరి మాట నాది. ఆ జాబితాని యిప్ తన దుకాణం అద్దానికి అంటిస్తాడు. అది చూసి కొనేవాళ్ళున్నారు. పాపం.

మా బల్ల దగ్గర డబ్బుకీ చదువుకీ విలువ లేదు, చెవికే విలువ. అంతకుముందు క్వాన్ అని ఇంకొకాయన వచ్చేవాడు. వయసుతో సన్నటి స్వరాలు వినపడటం తగ్గిందని ఆయనే అమాయకంగా చెప్పుకున్నాడు. నేనాయనకి 'అరటిక్కెట్టు' అని పేరుపెట్టాను. అందరం పడీపడీ నవ్వాం. కొన్నాళ్ళకి ఆయన రావడం మానేశాడు. బల్ల దగ్గర కాళ్ళు చాపుకోవడానికి చోటు దొరికిందని నేను సంతోషించాను. నేను అంతటివాణ్ణి.

ఈ ఏడాది ర్యాంకులకి నేను తెచ్చిన ఇయర్‌ఫోన్ పేరు తెల్లకొంగ. ధరలో మధ్యరకం, చూపుకి సాదా. దానికి వచ్చిన వైరు నచ్చక వేరే వైరు తగిలించి విన్నాను. వినగానే నా మతి పోయింది. మామూలుగా పాడేమనిషి గొంతు మన నడినెత్తిన కూర్చున్నట్టుంటుంది. ఇందులో ఆ గొంతు తలలో లేనేలేదు. ఎక్కడో దూరంగా, నాలుగు పక్కలా పరుచుకుని ఉంది. ముప్పై ఏళ్ళుగా ఇరుకు ఫ్లాట్లలో బతికినవాణ్ణి, నా చెవుల మధ్య ఒక మైదానం కనిపించింది.

బల్ల దగ్గర గంటసేపు ప్రసంగించి ఫాయ్ చేతికిచ్చాను. విని కళ్ళు పెద్దవి చేశాడు. "నిజమేనండోయ్, గొంతు బయట ఉంది. డోలు కాస్త పల్చగా లేదూ?"

"డోలు చిన్నపిల్లలకి కావాలి," అన్నాను.

యిప్ కూడా విన్నాడు, తలూపాడు. పాంగ్ అన్న వంతు వచ్చింది. పాట మొత్తం విన్నాడు. తీసి, తుడిచి, బల్లమీద పెట్టాడు.

"మామూలుగానే ఉందిరా."

"మామూలా? గొంతు ఎక్కడుంది అన్నా?"

"ఎక్కడుంటుంది, చెవిలో ఉంది. మంచిదే. కానీ నువ్వు చెప్పినంత ఏం లేదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "తపాలా ముద్రలు కొట్టీ కొట్టీ నీ చెవులు మొద్దుబారాయి అన్నా. వెళ్ళి గుబిలి తీయించుకో. లేకపోతే క్వాన్ టిక్కెట్టు ఖాళీగానే ఉంది, నీకిచ్చేస్తా."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. టీ సగంలో వదిలేసి, ఏదో పని ఉందని లేచాడు. తెల్లకొంగకు మొదటి ర్యాంకు వచ్చింది. ఆ తర్వాత శనివారాలకి పాంగ్ అన్న రాలేదు. మోకాలి నొప్పి అని ఫాయ్‌కి కబురు పెట్టాడట. గురువుకి రోషం వచ్చింది కాబోలు, వస్తే రానీ, అనుకున్నాను.

ఇంతలో నా మాట నమ్మి ఫాయ్ తెల్లకొంగ కొన్నాడు. అదే రంగు, అదే పెట్టె. మైదానం మాత్రం లేదు.

"మాక్ గారూ, నాదాంట్లో గొంతు తలలోనే ఉందండీ."

"ఇంకా మగ్గలేదు," అన్నాను. మా వాళ్ళలో అదొక నమ్మకం. కొత్త ఇయర్‌ఫోన్‌ని రోజుల తరబడి ఆపకుండా మోగిస్తే మామిడికాయలా మగ్గి తీపెక్కుతుందని. ఫాయ్ దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మోగించాడు. వాళ్ళమ్మ అన్నం వండబోయి, డబ్బాలోంచి పాట వస్తోందని పక్కింటావిణ్ణి పిలిచిందట. అయినా మగ్గలేదు. రబ్బరు తొడుగులు మార్చమన్నాను. మార్చాడు. నీ చెవి రంధ్రం వంకర అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఫాయ్ చెవిని తప్పుబట్టానే గానీ నా కుందేలుకు మాత్రం మూడే కాళ్ళు.

ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని తెల్లకొంగను శుభ్రం చేద్దామని వైరు ఊడదీశాను. ఒక్కో వైపుకి సన్నటి పిన్నులు రెండు. పిన్నుల పక్కన ఎర్రచుక్క ఉంటుంది, రెండు వైపులా అది బయటికి కనపడాలి. కుడివైపు చుక్క కనపడుతోంది. ఎడమవైపు చుక్క లోపలికి ఉంది.

పిన్ను తిరగేసి పెట్టానన్నమాట. అలా పెడితే ఏమవుతుందో ఈ పిచ్చి ఉన్న ఏ పిల్లాణ్ణడిగినా చెబుతాడు. ఒక చెవిలో శబ్దం ముందుకు తోస్తుంటే రెండో చెవిలో వెనక్కి లాగుతుంది. గొంతు నడిమధ్య నిలబడలేక చెల్లాచెదురవుతుంది, డోలు పల్చబడుతుంది. నేను చూసిన మైదానం అది. సరిగ్గా పెట్టి విన్నాను. పాడేమనిషి బుద్ధిగా వచ్చి నా నడినెత్తిన కూర్చుంది. మామూలు ఇయర్‌ఫోన్.

"ఏమయ్యా, మొహం అలా పెట్టావు? చెడిపోయిందా?" అంది లైక్వెన్, బట్టలు మడతపెడుతూ.

"బాగయింది," అన్నాను.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. వాగిన వాగుడంతా గుర్తొచ్చి సిగ్గేసింది. అప్పుడు పాంగ్ అన్న మాట గుర్తొచ్చింది. మామూలుగానే ఉందిరా. మొదట ఆయన గెలిచాడనుకున్నాను. మరుక్షణం ఇంకోటి తట్టింది. పిన్ను తిరగబడ్డ జతని ఎవరు విన్నా మామూలుగా ఉండదు. ఫాయ్ లాంటి వాడికే తేడా తెలిసింది. అది చెడ్డగా ఉందనొచ్చు, వింతగా ఉందనొచ్చు. మామూలుగా ఉందని అనాలంటే ఒక్కటే దారి. ఒక చెవితోనే వినాలి. రెండో చెవి లేకపోతే తోసేది, లాగేది ఏమీ తెలీదు.

పాంగ్ అన్నకి ఒక చెవి పోయింది. మాకు చెప్పలేదు. ఎందుకు చెబుతాడు? చెప్పినాయనకి ఈ బల్ల దగ్గర ఏ పేరు పెట్టారో పక్కనే కూర్చుని విన్నాడు కదా. పేరు పెట్టినవాణ్ణి నేనే.

ఆ వారం ఫాయ్ ఫోన్ చేశాడు. శనివారం తన తెల్లకొంగ, నా తెల్లకొంగ పక్కపక్కన పెట్టి విని తేల్చుకోవాలట. సరేనన్నాను. తర్వాత పాంగ్ అన్నకి ఫోన్ చేసి, "నువ్వు రావాలన్నా, నువ్వు లేకపోతే నాకు న్యాయం జరగదు" అని బతిమాలాను. ఆయన "మోకాలు చూసుకుని వస్తాలే" అన్నాడు.

వచ్చాడు. గోడ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఫాయ్ ముందు తనది విన్నాడు, తర్వాత నాది. మళ్ళీ తనది, మళ్ళీ నాది.

"మాక్ గారూ, ఇప్పుడు రెండూ ఒకేలా ఉన్నాయండీ. ఆ వేళ మీదాంట్లో విన్న మైదానం ఏదీ?"

పిన్ను సంగతి చెప్పేయొచ్చు. నన్ను చూసి ఓ ఏడాది నవ్వుతారు, పోతే పోయింది. కానీ ఫాయ్ బ్యాంకు మనిషి. నాకు తట్టిన లెక్క వాడికి టీ చల్లారేలోపే తడుతుంది. ఆ తర్వాత అందరి కళ్ళూ గోడ పక్క కుర్చీ మీదికి పోతాయి.

"మైదానమూ లేదు, మట్టిగడ్డా లేదు," అన్నాను. "అంతా నా భ్రమ. మామూలు ఇయర్‌ఫోన్‌ని పట్టుకుని పొంగిపోయాను. ఉన్నమాట చెప్పింది పాంగ్ అన్న ఒక్కడే."

"కానీ నేనూ విన్నానండీ, ఆ వేళ."

"నువ్వు విన్నది నా వాగుడు."

ఫాయ్ మొహం చిన్నబోయింది. యిప్ మాత్రం బల్లమీద చరిచాడు. "అయితే మన జాబితాలన్నీ బూటకమేనా? ఇన్నేళ్ళూ ఈయన చెవుల్ని నమ్మి అద్దానికి అంటించానా? లేవయ్యా మాకూ, ఆ కుర్చీలోంచి లే. ఇకనుంచి పాంగ్ అన్నే ర్యాంకులిస్తాడు. అసలైన చెవులు ఆయనవి."

అంటూ అప్పటికప్పుడు తన సంచీ ఆయన ముందు బోర్లించాడు. పోయినసారివాటితో పాటు కొత్తవి కూడా కలిపి ఒక కుప్ప. "నువ్వే మళ్ళీ వరస తేల్చన్నా. మొదట్నించీ."

కాపాడబోయి మనిషిని తీసుకెళ్ళి సరాసరి పీటమీద కూర్చోబెట్టాను. లిఫ్టు బాగుందని సంతకం పెట్టిన తెలివే ఇక్కడా వెలగబెట్టాను.

పాంగ్ అన్న ఆ కుప్పని ముట్టుకోలేదు. నా తెల్లకొంగను తీసుకున్నాడు. చెవిలో పెట్టుకోలేదు. కళ్ళజోడు పైకి తోసి రెండు వైపులా ఎర్రచుక్కలు దగ్గరగా చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. నేను తల దించుకున్నాను.

"ఆ వేళ పిన్ను తిరగేసి పెట్టావు కదూ?"

తెల్లకొంగను వెనక్కి తీసుకోబోయాను, ఆయన ఇవ్వలేదు.

"వీడికి తెలుసు," అన్నాడు మిగతావాళ్ళతో. "తెలిసీ నాకోసం అబద్ధమాడుతున్నాడు. నాకు కుడి చెవి వినపడదురా. నిరుడు ఒకరోజు పొద్దున లేచేసరికి పోయింది. డాక్టర్లు చూశారు, ఇక రాదన్నారు. అందుకే నాకా తేడా తెలీలేదు. ర్యాంకులూ గీంకులూ నావల్ల కాదు."

యిప్ చేతులు కుప్పమీద అలాగే ఉండిపోయాయి. ముందుగా నోరు తెరిచింది ఫాయ్.

"అయితే నేను విన్నది నిజమేనన్నమాట."

"నిజమేరా నాయనా. నీ చెవులు బంగారం," అన్నాడు పాంగ్ అన్న. ఫాయ్ మొహం వెలిగింది. వాడి మీద కోపం రావలసింది, రాలేదు. వాడి స్థానంలో నేనున్నా అదే అడిగేవాణ్ణి.

"మరెందుకొచ్చేవాడివన్నా ఇన్నాళ్ళూ?" అన్నాడు యిప్, మెల్లగా. "ఒక చెవితో ఇవి విని ఏం లాభం?"

"ఇవి వినడానికి ఎవడొచ్చాడు? ఒంటరి ఇంట్లో వారమంతా నాతో మాట్లాడేది టీవీ ఒక్కటే. వీడు ఇక్కడ అరగంట వాగుతాడు. డోలుకి వెన్నెముక లేదంటాడు. అది వినడానికి వచ్చేవాణ్ణి. వీడు అరటిక్కెట్టు అన్నాక, తెలిస్తే అదీ పోతుందని భయపడ్డాను."

ఆ మాట నాకు గుచ్చుకుంది. క్షమించమని అడగాలని లేచాను. అడగడం చేతకాక, ఎప్పట్లాగే అడ్డదిడ్డంగా ఏదో మొదలుపెట్టాను. నేను బుద్ధిలేనివాణ్ణనీ, క్వాన్ ఇంటికి కూడా వెళ్తాననీ, ఇంకా ఏదో. పాంగ్ అన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"అటు నించుని మాట్లాడితే నాకొక్క ముక్క వినపడదు. ఎడమ పక్కకి వచ్చి చెప్పు."

నా కుర్చీ ఎత్తుకుని, హోటలు యజమానురాలు తిడుతున్నా వినకుండా, బల్ల చుట్టూ తిరిగి ఆయన ఎడమ పక్కన వేసుకుని కూర్చున్నాను. ఆయన తల కాస్త నావైపు వంచి కాచుకుని ఉన్నాడు. అరగంట అలవోకగా వాగేవాణ్ణి, ఒక్క మాట కూడా రాలేదు నాకు.