మాణిక్యాంబ గారి పిలుపు

కావేరి ఉద్యోగం ఏమిటో బంధువులకు చెప్పి ఒప్పించడం బ్రహ్మతరం కూడా కాదు. నోయిడాలో ఓ చిన్న కంపెనీలో, ఫోన్లో ఆడే ఆటలు తయారుచేస్తుంది. "పిల్లల్ని చెడగొట్టడానికి జీతం కూడానా!" అని ముక్కున వేలేసుకునే పిన్నులకు ఆమె దగ్గర ఒకటే జవాబు. మంచి ఆట మనిషిని పట్టుకుని వేలాడదు, వేళకు ఇంటికి పంపేస్తుంది.

ఆ నమ్మకం ఆమెకు ఢిల్లీ జనక్‌పురిలో అబ్బింది. చిన్నప్పుడు ఫ్లాట్ల మధ్య దాగుడుమూతలు మాంచి జోరుమీద ఉండగా, పొద్దుగూకే వేళకు బాల్కనీలోంచి వాళ్ళమ్మ మాణిక్యాంబ కేకేసేది. "కావేరీ, అన్నానికి రా తల్లీ!" భీమవరం గొంతు, కాలనీ అంతా మోగిపోయేది. తెలుగు ముక్క రాని పంజాబీ పిల్లలు కూడా "చలో, ఖతం" అనుకుంటూ ఎవరిళ్ళకు వాళ్ళు పరిగెత్తేవారు.

పెద్దయ్యాక కావేరి చేసిన ఆట కూడా అదే. మెట్ల కింద, స్కూటర్ల వెనక దాక్కోవాలి. చీకటి పడగానే ఓ అమ్మ పిలుస్తుంది. ఆట ఆగిపోతుంది, మర్నాటిదాకా తెరుచుకోదు. ఈ పనిలో ఒక అలవాటుంది. గొంతు అరువిచ్చే కళాకారులు దొరికేదాకా, ఎవరో ఒకరి చేత చదివించి, పైన 'టెంప్', అంటే తాత్కాలికం అని పేరు పెట్టి వాడుకుంటారు. కావేరి అమ్మనే ఆఫీసు మైకు ముందు కూర్చోబెట్టింది. ఆవిడ ఇంట్లో పిలిచినట్టే పిలిచింది. "అన్నానికి రా తల్లీ! వస్తూ వస్తూ లైటు కట్టేసి రా!" ఆటలో లైట్లెక్కడివమ్మా అని కావేరి పడీ పడీ నవ్వి, ఆ చివరి ముక్క కత్తిరించేసింది.

టెంప్ గొంతు మార్చడం అందరూ మరిచారు. ఆట బయటికెళ్ళింది, నలుగురూ ఆడుతున్నారు. ఆ ఏడే మాణిక్యాంబ గుండెపోటుతో పోయింది.

ఒకనాటి సాయంత్రం మయూర్ విహార్ వెళ్ళే మెట్రోలో, ఎదురు సీట్లో కావేరి చేసిన ఆటే ఆడుతున్న అమ్మాయి ఫోన్లోంచి, పోయిన అమ్మ మాట్లాడింది. "అభీ మత్ జా, బేటా. థోడా ఔర్ ఖేల్ లే." అప్పుడే వెళ్ళకు, ఇంకాసేపు ఆడుకో అని! కావేరికి ఒళ్ళు జలదరించింది. ఢిల్లీలో ముసలిదైపోయినా, కూరల బండి దగ్గర 'కిత్నా భయ్యా' దాటి హిందీ రాని మనిషి. ఆడింది చాల్లే రమ్మనడమే తప్ప, ఇంకా ఆడుకో అని ఒక్కనాడూ అనని మనిషి. ఆ గొంతులో అదే ముద్దు, అదే సాగదీత.

మర్నాడు యజమాని రాజీవ్ ముందు నిలబడింది. ఆయనది హైదరాబాద్.

"గది మీ అమ్మ గొంతని నాకెట్ల తెలుస్తది కావేరీ? టెంప్ అని నువ్వే రాస్తివి. ఆ గొంతు మెషిన్‌కి నేర్పించినం. ఇగ ఏ మాటైనా అంటది. జనం కూడా ఆట ఇడుస్తలేరు తెల్సా?"

"విడవలేకపోతే అది ఆటేంటండీ? రోగం!"

"ఆడేటోళ్ళు ఫోన్ పక్కన పెడితే మన దుకాణం బంద్." ఆమె మొహం చూసి మెత్తబడ్డాడు. "సరే, తీసెయ్. పాపం నాకెందుకు? కానీ అసలు రికార్డింగ్ గూడ పోవాలె. అదున్నన్ని దినాలు ఎవడో ఒకడు మళ్ళ నేర్పిస్తడు."

అమ్మ గొంతు ఇంకెక్కడా లేదు. పాత ఫోన్ పోయినప్పుడే మిగతావన్నీ పోయాయి. ఉంచుకుంటే అమ్మ నోట అబద్ధాలు, చెరిపేస్తే అమ్మే ఉండదు. కావేరి ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని కడసారి విన్నది. మెషిన్ నేర్చుకున్న గొంతు, అసలు రికార్డింగు, రెండూ తన చేత్తోనే చెరిపేసి, బాత్రూములోకి పోయి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ ఆదివారం పొద్దుగూకే వేళకు పప్పు తాలింపు వేస్తోంది. కూతురు అక్షర లోపలి గదిలో అదే ఆట ఆడుతోంది. ఇప్పుడందులో పిలుపే లేదు, ఎంతసేపైనా ఆడుకోవచ్చు. పిల్లను కేకెయ్యాలని నోరు తెరిచింది గానీ, అమ్మ పిలుపు గుర్తొచ్చి మళ్ళీ తాలింపు వైపు తిరిగింది.

ఇంతలో అక్షర తనంతట తనే వచ్చి కంచం ముందు కూర్చుంది.

"పిలవకుండానే వచ్చేశావేంటే?"

"అమ్మమ్మ నే బులాయా నా, మమ్మా." అమ్మమ్మ పిలిచిందిగా అని!

"ఆటలోనా?"

"నహీ. బాల్కనీ సే." బాల్కనీలోంచట.

కావేరి మాడిపోతున్న తాలింపు దించేసింది. మెల్లగా తలతిప్పి చూసింది. లోపలి గది చీకటిగా ఉంది.

"లైటెవరు తీసేశారు?"

"మైనే. అమ్మమ్మ బోలీ, 'వస్తూ వస్తూ లైటు కట్టేసి రా!'"

తెలుగు అర్థమవుతుందే గానీ, ఏది అడిగినా హిందీలోనే బదులిచ్చే పిల్ల. ఆ మాట మాత్రం తెలుగులోనే, భీమవరం సాగదీతతో అంది. ఆటలో ఎవరూ వినని, తను కత్తిరించేసిన ముక్క అది. కావేరికి భయమేసింది. అయినా వెళ్ళి ఆ లైటు మళ్ళీ వెయ్యడానికి మనసొప్పలేదు.