గెడ్డ పక్క పచ్చగడ్డి

మొన్న శుక్రవారం అరకు సంతకు అల్లం అమ్ముకోవడానికి వెళ్తే, బస్సులు ఆగే చోట పశువుల వ్యాను నిలబడి ఉంది. ఒకావిడ తన ఆవు తల పైకెత్తి పట్టుకుంటే డాక్టరమ్మ సీసాలోంచి మందు పోస్తోంది. చుట్టూ చేరినవాళ్ళలో ఎవరో "జలగ మందు" అన్నారు. ఆ మాట వినగానే మా తోటికోడలు గుర్తొచ్చింది, గుర్తొచ్చీ రావడంతోనే కడుపులో పాత మంట లేచింది. పశువు కార్జంలో చేరి దాన్ని తినేసే, ఆకులా చదునుగా ఉండే పురుగుని మావైపు జలగ అంటారు. అది చేరింది నా ఆవు కార్జంలోనే గానీ, నన్ను కొరుక్కుతిన్నది మాత్రం మా తోటికోడలు.

ఆమె నా తర్వాత మా అత్తారింటికి కోడలిగా వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఆమె నాటిన మిరియాల తీగ బతికేది, నాది ఎండేది. ఆమె కాచిన అంబలి మా మావ రెండోసారి అడిగి తాగేవాడు, నాది తాగి ఊరుకునేవాడు. అందుకే మావ భూమి పంచిన రోజు పెద్దకోడలి హోదాలో ముందు నోరు తెరిచి, గెడ్డ పక్క నేల మాకే కావాలన్నాను. ఎండాకాలంలో కూడా ఆ వాగు ఒడ్డున గడ్డి పచ్చగా ఉంటుంది. ఆమెకి రాళ్ళ మెట్ట మిగిలింది. ఆ పూట ఎంత సంతోషంగా అన్నం తిన్నానో ఇప్పటికీ గుర్తుంది.

మావైపు ఆవు పాలు పితకం, దూడకే వదిలేస్తాం. ఆవంటే మాకు పేడ, రేపటి దుక్కిటెద్దు. నా నల్లావుని మా అమ్మ ఇచ్చింది. అమ్మ పోయాక ఆమె చేతి నుంచి నాకు మిగిలింది అదొక్కటే, పైగా అప్పుడు చూడితో ఉంది. వానలు వెనకబట్టేసరికి ఆ ఆవు పక్కటెముకలు తేలాయి, రోమాలు నిక్కాయి, దవడ కింద నీళ్ళసంచిలా వాపు దిగింది. మెట్ట మీద ఎండుగడ్డి కొరికే తోటికోడలి ఆవేమో నూనె రాసినట్టు మెరుస్తోంది! ఇది ఆమె దిష్టేనని నిప్పుల్లో మిరపకాయలు వేశాను, ఆవు మెడకి నల్లతాడు కట్టాను. హుకుంపేట కొట్లో నట్టల మందు తెచ్చి పోశాను. అది పొడుగాటి పురుగులకట, ఈ చదును పురుగుని అదేం చేయలేదు. దూడతో సహా ఆవు పోతుందేమోనని పాకలో దాని పక్కన కూర్చుని ఏడ్చేదాన్ని. ఆమె వచ్చే అలికిడైతే మాత్రం కళ్ళు తుడుచుకుని చీపురు పట్టుకునేదాన్ని.

ఒక పొద్దున ఆమె చేతిలో సీసాతో దిగింది.

"అక్కా, మొన్న నీ ఆవు పేడ అడ్డాకులో కట్టి ఆసుపత్రికి అట్టుకెళ్లినాను. డాక్టరుబాబు బూతద్దంలో సూసి జలగని సెప్పినాడు. జీపులో పక్కావిడ సింతపండేటి అనడిగితే తలూపినాను."

"నా ఆవు పేడ నువ్వెందుకు తీసినావు? నన్నడగొద్దేటి?"

"అడిగితే ఇత్తావేటి?"

ఇవ్వను. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"సూడి ఆవని కూడా సెప్పినాను, ఈ మందు పర్లేదన్నాడు. బేగి పోసీ."

నేను వెదురుగొట్టంలో మందు పోసుకుని దగ్గరికెళ్తే ఆవు తల విదిలించింది, కొంచెం నా చీర మీద పడింది. ఆమె ఆ గొట్టం అందుకుని, దాని చెవి కింద గోకుతూ ఏదో గొణిగింది. ఆవు గుటకలేసింది. మా అమ్మిచ్చిన ఆవు, నా పాకలో, ఆమె చేతిలో! నేను పలుపుతాడు పట్టుకుని పరాయిదానిలా నిలబడ్డాను. ఆవు బతకాలని ఎంత మొక్కుకున్నానో, ఆమె చేతి మీదుగా బతక్కూడదని అంతగా ఏడ్చాను.

"ఇంక గెడ్డ కాడికి తోలకు. ఆ తడిలో నత్తలున్నాయి సూడు, పురుగు వాటిల్లో పెరిగి గడ్డికంటుకుంటాదట. నా మెట్టకి తోలుకొచ్చీ."

నేను నోరు పెంచి దక్కించుకున్న పచ్చగడ్డే నా ఆవుని తింటోందన్నమాట. రాళ్ళ మెట్ట మంచిదని అంతకుముందు ఆమెకీ తెలీదు. తెలిసి తీసుకుని ఉంటే సరిపెట్టుకునేదాన్ని, ఊరికే కలిసిరావడం చూసి ఒళ్ళు మండిపోయింది. అయినా ఆవుని మెట్టకే తోలాను, ఇంకేం చేస్తాను? వాపు దిగింది, కోడెదూడ పుట్టింది. మా ఆయన దాన్ని చూసి కొత్త నాగలి చెక్కడం మొదలుపెట్టాడు. సాయంత్రం నేను పిలిస్తే మాత్రం నల్లావు నెమరేస్తూ కూర్చునేది. ఆమె పిలిస్తే చెవులెత్తి లేచేది.

ఆ ఆవు పోయి చాలా కాలమైంది, దాని మనవరాలు ఇప్పుడు మా పాకలో ఉంది. సంతలో ఆ వ్యాను దగ్గరే ముందుజాగ్రత్తగా దాని కోసం నేనూ ఒక సీసా అడిగి తెచ్చుకున్నాను. ఒంటరిగా మందు పోయబోతే ఆవు విదిలించుకుంది. చివరికి ఆమెనే పిలిచాను. మోకాళ్ళ నొప్పితో కర్ర ఊతగా, గట్టు దగ్గర ఆగి ఆగి వచ్చింది. "ఏటక్కా, ఇంకా నేర్సుకోలేదేటి?" అని నవ్వి, ఆవు చెవి కింద గోకింది. ఆమె చేతిని ఎన్నడూ ఎరగని ఆ ఆవు కూడా బుద్ధిగా నోరు తెరిచింది. నాకు మళ్ళీ మండింది. మందు పోశాక ఆమె కర్ర తీసుకుని మెల్లగా గట్టెక్కుతుంటే, కనుమరుగయ్యేదాకా వాకిట్లో నిలబడి చూశాను. కాలం మా ఇద్దరి మోకాళ్ళనీ అరగదీసింది గానీ నా కుళ్ళుని అరగదీయలేకపోయింది. అది అరిగేదాకా ఆమె ఉండాలి, ఎంతకాలం పట్టినా సరే.