ఓబులమ్మ పిల్లికూతలు

మణికొండలోని మా అపార్టుమెంటులో ఇరవైనాలుగు ఇళ్లు, పద్దెనిమిది కార్లు. ఆ కార్లన్నీ నిలిచే సెల్లారులో, మెట్ల కింది గదిలో ఓబులమ్మ ఉండేది. కాపలా ఆమెదే, ఊడ్పు ఆమెదే, నీళ్ల మోటారు వేయడం ఆమెదే. పద్దెనిమిది కార్ల పొగ కూడా ఆమెదే.

ఆమెది కడప జిల్లా. గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు లేవకముందు అక్కడ ఉన్నవి బండలు. ఆమె, ఆమె భర్త చెన్నకేశవులు ఏళ్ల తరబడి ఆ బండలను పగలగొట్టారు. మేడలు లేచాయి. రాతిదుమ్ము మాత్రం ఇద్దరి ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. ఆ దగ్గుతోనే అతడు పోయాడు. పెద్దాసుపత్రి డాక్టరు ఆమెకు ఉన్నమాట చెప్పాడు: ఈ జబ్బు పోదు, రోజూ మందు పీలుస్తూ అదుపులో పెట్టుకోవాలి.

ఆమెకు రెండు పిల్లులు. తెల్లది సున్నం, నల్లది బొగ్గు. వాటి సంగతి కూడా డాక్టరును అడిగి పరీక్ష చేయించుకుంది. "నీ జబ్బు దుమ్ముతో వచ్చింది, పిల్లులతో కాదు. ఉంచుకో. పడుకునే గదిలోకి మాత్రం రానివ్వకు" అన్నాడాయన. ఆ మాటను ఆమె పాటించినంత శ్రద్ధగా, నా ముప్పైమూడేళ్ల తెలుగు టీచరు ఉద్యోగంలో ఏ విద్యార్థీ ఏ నియమాన్నీ పాటించలేదు. ముక్కుకు కొంగు బిగించి, ఆరుబయట, తడిగుడ్డతో వాటి ఒళ్లు తుడిచేది. ఆ తరువాత మోచేతుల దాకా చేతులు కడుక్కునేది. వాటిని గడప దాటనిచ్చేది కాదు. రెండూ గడప బయట ముందుకాళ్లు కూడదీసుకుని కూర్చుని, లోపల ఆమె అన్నం తింటుంటే చూసేవి.

రోజూ ఊపిరి ఎట్లా ఉందో రాసి తెమ్మన్నాడు డాక్టరు. ఓబులమ్మకు చదువు రాదు కనుక ఆ పుస్తకం నేను రాసేదాన్ని. దగ్గు, ఆయాసం, పిల్లికూతలు అని మూడు గడులు గీశాను. డాక్టర్లు మూడోదాన్ని వీజింగ్ అంటారు. చక్కని తెలుగు మాట ఉండగా మనకు అదెందుకు?

"పిల్లికూతలంటే ఏంది టీచరమ్మా?"

"ఊపిరి విడిచేటప్పుడు ఎదలో సన్నగా కూ అని వస్తుందే, అది."

"అదా! నా పిల్లులు నోరు ల్యాని జీవాలు. వాటి బదులు గూడా నేనే కూస్తాండానన్నమాట!" అని దగ్గు వచ్చేదాకా నవ్వింది.

పుస్తకం ఆమె గది తలుపుకు, మేకుకు వేలాడేది.

2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి. అక్టోబరులో ఒక శనివారం ఉదయం, అందరూ ఇళ్లలోనే ఉన్నారు కనుక, అపార్టుమెంటు సంఘం సమావేశం సెల్లారులో పెట్టారు. రాష్ట్రం రెండు కావాలా ఒకటిగా ఉండాలా అన్న తగవుతో రెండేళ్లుగా లిఫ్టులో కూడా పలకరించుకోని సభ్యులు, ఆ రోజు ఒక అంశంపై అయిదే నిమిషాల్లో ఏకగ్రీవమయ్యారు: పిల్లులను పంపెయ్యాలి.

ప్రతిపాదించినవారు కార్యదర్శి రామ్మోహనరావు గారు. కాకినాడ వారు, విశ్రాంత ఇంజనీరు. ఆయన పడకగది కిటికీ ఓబులమ్మ గది వెంటిలేటరుకు సరిగ్గా పైన ఉంటుంది.

"తెల్లారగట్ల నుంచి ఒకటే పిల్లి అరుపులండి. పదిహేను రోజులుగా నిద్ర లేదండి. సాక్ష్యం ఇక్కడే ఉంది చూడండి" అంటూ ఆయన మేకుకున్న పుస్తకం తీసి చదివారు. "‘పిల్లికూతలు: ఉన్నాయి.’ ‘పిల్లికూతలు: చాలాసేపు ఉన్నాయి.’ టీచరుగారి దస్తూరీయేనండి!"

"నాకైతే వినబడలే గాని, టీచరమ్మ రాసిందంటే నిజమే ఉంటది" అన్నాడు మూడో అంతస్తు యాదగిరి. అతడు సమ్మెలో ఉన్న ప్రభుత్వోద్యోగి.

ఓబులమ్మ గడప మీద కూర్చుని ఉంది. చెరో పక్కన పిల్లులు. రెండింటి మీదా చేతులు వేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "అది పిల్లుల అరుపు కాదు. రోగలక్షణం పేరు" అన్నాను.

"పిల్లికూత అంటే పిల్లి యొక్క కూతే కదండి. షష్ఠీ తత్పురుష. మేమూ చదువుకున్నామండి." నలుగురూ నవ్వారు.

"సమాసం సరే. చెరువు నిండా గుర్రపుడెక్క ఉందంటే మీరు నీళ్లలో గుర్రాన్ని వెతుకుతారా?"

ఈసారి యాదగిరి ఒక్కడే నవ్వాడు.

"అందరూ మాటలాపండి" అన్నాను. తరగతి గదిలో వాడిన గొంతు ఇంకా పనిచేస్తోంది. "ఓబులమ్మా, ఊపిరి పీల్చి మెల్లగా విడువు."

ఆమె విడిచింది. ఆ కార్ల మధ్య సన్నగా, ఆగి ఆగి వినిపించింది కూత.

"ఇదేనండీ! ఇదే అరుపు!" రామ్మోహనరావు గారి వేలు గెలుపుతో లేచింది. సున్నం మీదికి పోయింది, బొగ్గు మీదికి పోయింది. రెండూ నోళ్లు మూసుకునే ఉన్నాయి. వేలు చివరికి ఓబులమ్మ మీద ఆగి, దానంతటదే ముడుచుకుంది.

"మందు పీల్చడం లేదా నువ్వు?" అని అడిగాను.

ఆమె కొంగుముడి విప్పి ఇన్‌హేలర్ చూపింది. ఖాళీ. "అయిపోయి పదైదు దినాలాయ టీచరమ్మా. బస్సులు ల్యావు గదా, దవాఖానాకు ఎట్ల పోయేది?"

"మందు ఉందా అని రోజూ అడిగాను. ఉందనే చెప్పావే!"

"అప్పుడే అయిపాయనంటే జబ్బు ముదిరిందనుకుంటారు. పిల్లుల వల్లనే ఎక్కువాయ అంటారని..."

పదిహేను రోజులు! ఆమె రోజూ తుడిచే పద్దెనిమిది కార్లు ఆ గదికి పది అడుగుల దూరంలో నిలిచే ఉన్నాయి. పైన ఆ కూత విన్నవారు దిగివచ్చి చూడలేదు. అడిగి రాసిన నేను ఎందుకు పెరిగిందని నిలదీయలేదు. పిల్లులను వెళ్లగొట్టడానికి మాత్రం అందరమూ దిగివచ్చాము.

"ఏంది సారూ, గిట్ల నిలబడ్డరు?" యాదగిరి లేచాడు. "జర మీ కారు తాళం ఇయ్యుండ్రి, నేను తోల్త. సమ్మె బస్సులకు గాని ఊపిరికి కాదు."

రామ్మోహనరావు గారు జేబులోంచి తాళం తీసి ఇచ్చారు.

మందు వచ్చింది. వారంలో కూతలు తగ్గాయి. అప్పుడు సమావేశపు పుస్తకం సంతకం కోసం నా దగ్గరికి వచ్చింది. అందులో ఒకే వాక్యం: "పిల్లికూతల సమస్య పరిష్కరించబడినది."

కర్మణి ప్రయోగం! ఎవరు పరిష్కరించారు? ఎవరు పొరపడ్డారు? తప్పు చేసినవారికి ఇంత అనువైన వాక్యం మరొకటి లేదు. కర్త తలుపు చాటున దాక్కోవచ్చు. ఎర్ర సిరాతో కొట్టివేసి, మొదటి అంతస్తుకు వెళ్లి ఆయన చేతే రాయించాను: "పిల్లులు అరిచాయని మేము పొరపడ్డాము. అవి ఇక్కడే ఉంటాయి."

"మేము" దగ్గర ఆయన కలం ఆగింది. "అందరమా అండి?"

"అందరమూ. నాతో సహా."

నా తప్పు నేనూ దిద్దుకున్నాను. మూడో గడిలో ఒక్క మాట ముందు చేర్చి ఉంటే ఇంత జరిగేది కాదు. ఆ సాయంత్రం ఓబులమ్మ ఊపిరిని నా చెవులతో విని, పుస్తకంలో రాశాను:

ఎదలో పిల్లికూతలు: లేవు. గడప దగ్గర పిల్లులు: రెండు.