మా అత్త తలకు రాసిన పసరు

డెబ్బై దాటిన తల ఎలా ఉంటుందో నాకు రెండుసార్లు తెలిసింది. ఇప్పుడు నా తల, దానికి ముందు మా అత్త తల.

జుట్టు పలచబడ్డాక మాడు చర్మం పల్చని కాగితంలా అవుతుంది. దువ్వెన పళ్లు గీసుకుంటాయి, కుంకుడు రసం మంటపెడుతుంది. నేను వారానికోసారి నువ్వుల నూనె గోరువెచ్చగా చేసుకుని, గోళ్లు తగలకుండా వేళ్ల కొసలతో అద్దుకుంటాను. అద్దుకున్నంతసేపూ దేవునికి దండం పెట్టుకుంటాను. ఆ నూనె చుక్క మా అత్తకు పాతికేళ్ల పైన దొరకలేదు, ఒక్క రోజు తప్ప. ఆ ఒక్క రోజు సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మా పుట్టిల్లు స్టేషన్ ఘన్‌పూర్ పక్క పల్లె. బడి ఎరగను. బాపు ఇంట్లో పలక మీద దిద్దించిన అక్షరాలే నా చదువు. నెల్లికుదురు దగ్గరి ఊరికి కోడలిగా వచ్చేనాటికి నాకు పదిహేనేళ్లు. మామ అప్పటికే లేడు. ఇంట్లో అత్త, నా భర్త, మరిది. అత్తకు యాభై నిండలేదు, ఆమె జుట్టు నా పిడికిట్లో పట్టేది కాదు. ఇంట్లో వండిన ఆముదం పట్టించి, కుంకుళ్లు కొట్టి తల పోసేదాన్ని.

రజాకార్లు ఊరి మీద పడి గడ్డివాములు కాల్చిన ఏడాది మరిది కమ్యూనిస్టుల దళంలో కలిసి అడవికి పోయాడు. అత్త ఏడవలేదు. దేవుని గూట్లో మల్లన్న ముందు నిలబడి, చిన్న కొడుకు ఇంటికొచ్చి తన చేతి బువ్వ తినేదాకా తలకు నూనె ముట్టనని మొక్కుకుంది. అడవికి పోయిన కొడుకుల కోసం చుట్టుపక్కల ఊళ్లలో మరికొందరు తల్లులూ అలాగే మొక్కారు. ఊరికి మాత్రం, చిన్నోడు బొంబాయి మిల్లులో పనికి కుదిరాడని చెప్పాం.

రజాకార్లు పోయి మిలిటరీ వచ్చింది. బడిలో క్యాంపు పెట్టారు. దళంలో మనుషులున్న ఇళ్లవాళ్లను పట్టుకుపోయి, జాడ చెప్పమని కొట్టేవారు. ఆ రోజుల్లోనే ఒక పెండ్లిలో, ఊళ్లో సర్కారు మనిషైన పోలీసు పటేలు భార్య ఆడవాళ్లందరికీ నూనె రాస్తూ అత్త దగ్గరికి వచ్చింది. అత్త తల తప్పించింది.

“ఏందొదినె, కొడుకు బొంబాయిల ఉన్నడంటివి. బొంబాయి పోయినోని కోసం ఎవలన్న సమురు మానుకుంటరా?”

నవ్వుతూనే అంది. పందిట్లో అందరూ నవ్వారు. మేమిద్దరం తొందరగా ఇంటిదారి పట్టాం.

రెండో రోజు సాయంత్రం కబురొచ్చింది. పొద్దున్నే ఇంటిల్లిపాదీ క్యాంపుకు రావాలి, పటేలు భార్య అత్త తల చూసి చెబుతుంది. నా భర్త తల్లిని బతిమాలాడు. ఒక్క చుక్క రాసుకుంటే బతికిపోతాం, లేకుంటే తమ్ముని జాడ కోసం అందరి ఎముకలూ విరుస్తారు అన్నాడు. అత్త కదలలేదు. తన తలకు నూనె తగిలితే వాడు రాడు, తనను చంపినా సరే అంది.

అప్పుడు నేనే ఉపాయం చెప్పాను. వేపాకు, మందారాకు నూరి పసరు రాస్తే తల నున్నగా మెరుస్తుంది. అది నూనె కాదు గనుక మొక్కు పోదు. అత్త ఒప్పుకుంది.

తెల్లవారి రోట్లో ఆకు నూరుతుంటే భయం పట్టుకుంది. పసరు ఆరితే పొడి రాలుతుంది. పటేలు భార్య కంటితో చూసి ఊరుకునే మనిషి కాదు. వంటింట్లోకి వెళ్లి చిన్న గిన్నెడు నువ్వుల నూనె తెచ్చి పసరులో కలిపాను. వేపాకు వాసన దాన్ని కప్పేసింది.

అత్త పీట మీద కూర్చుంది. నా వేలు తగలగానే అడిగింది.

“సమురు లేదు గదా పిల్లా?”

“లేదత్తా.”

“దేవుని తోడా?”

“దేవుని తోడు.”

నెలల తరబడి ఎండిన మాడు ఆ నూనెను తాగడం నా వేళ్లకు తెలుస్తూనే ఉంది. అత్త కళ్లు మూసుకుని, సల్లగున్నదే బిడ్డా అంది.

క్యాంపులో పటేలు భార్యనే పిలిపించారు. ఆమె అత్త కొప్పు కింద వేళ్లు దూర్చి, బొటనవేలితో రుద్ది చూసుకుని, నూనె జిడ్డేనని చెప్పింది. మమ్మల్ని పొమ్మన్నారు.

తిరిగొస్తూ దారి మధ్యలో అత్త ఆగిపోయింది. మల్లన్న గుట్ట ఉన్న దిక్కుకు చేతులు జోడించింది.

“ఆకు పసరును ఆ పటేలు పెండ్లాం వేళ్లకు సమురు చేసి సూపిండే నా తండ్రి. నా మొక్కు నిలబెట్టిండు. ఇగ నా కొడుకు వస్తడు.”

నేనూ చేతులు జోడించాను. ఏమని మొక్కానో నాకే తెలియదు.

పోరాటం ఆగిపోయింది. జైళ్ల నుంచి, అడవుల నుంచి మనుషులు ఒక్కొక్కరే ఇళ్లకు చేరారు. మరిది రాలేదు. అతనితో తిరిగిన ఒకాయన వచ్చి, టేకుమట్ల అవతల వాగు దాటుతుంటే కాల్పులకు చెదిరిపోయామనీ, తర్వాత అతన్ని చూడలేదనీ చెప్పాడు. అత్త ఆయనకు అన్నం పెట్టింది. ఆయన వెళ్లాక, సూడలేదన్నడు గని సచ్చిండనలేదు గదా అంది.

ఆ పసరు మహిమను మాత్రం అందరికీ చెప్పుకునేది. కోతలకు వచ్చిన కూలీలకు, గాజులమ్మే ఆమెకు, నా పిల్లలకు. వాళ్లు నోరు తెరుచుకుని వినేవారు. నేను లేచి లోపలికి పోయేదాన్ని. ఆనాడు మా ఇంటి మీద దెబ్బ పడలేదు. నా కడుపు పండింది, పిల్లలు పెరిగారు. అందుకు దేవునికి రోజూ దండం పెడతాను. నూనె గిన్నె దాకా నా చేతిని నడిపించింది ఆయనేనేమో, నాకేం తెలుసు? కానీ ఆయన తోడని అబద్ధమాడిన నోరు నాది.

ఏళ్లు గడిచి అత్త నడినెత్తి బయటపడింది. చలికాలం వస్తే మాడు పగిలి నెత్తురు చెమ్మ కనిపించేది. కుంకుళ్లు మాన్పించాను. నానబెట్టిన మెంతులు మెత్తగా నూరి పట్టించి, పెసరపిండితో కడిగేదాన్ని. దువ్వెన పక్కన పెట్టి వేళ్లతోనే చిక్కు తీసేదాన్ని. దురదకు రాత్రిళ్లు గీరుకోకుండా ఆమె గోళ్లు నేనే తీసేదాన్ని.

ఒకసారి మానుకోట దవాఖానకు తీసుకుపోయాను. కాంపౌండరు పగుళ్లకు రాయమని మలాం డబ్బీ ఇస్తే, ఇందుల సమురున్నదా అని అత్త అడిగింది. మలాం అంటేనే నూనె గదా అవ్వా అని అతను నవ్వాడు. ఆమె డబ్బీని అతని బల్ల మీదే పెట్టేసింది.

బస్సు కోసం నిలబడ్డాం. మొక్కు ఏనాడో తప్పిందని నిజం చెబితే ఆ పూటే ఆమె తలకు సుఖం. కానీ చెప్పిన క్షణాన మహిమా పోతుంది, కొడుకూ పోతాడు.

“అత్తా.”

“ఏందే?”

“ఎండున్నది. కొంగు కప్పుకో.”

ఒక పొద్దున పడుకున్న మనిషి లేవలేదు. పోయినవాళ్లకు తలకు నూనె పెట్టి స్నానం చేయించడం మా ఆచారం. పాలివాళ్ల పెద్దావిడ గిన్నె అందించి, కోడలివి నువ్వే మొదలుపెట్టు అంది. నేను చెయ్యి చాపలేదు.

“ఆమెకు మొక్కున్నది. సమురు వద్దు.”

“సచ్చినంక మొక్కేందే?”

“కొడుకు ఇంక రాలే గదా.”

 నా భర్త పెద్దావిడ చేతిలోని గిన్నె తీసుకుని పక్కన పెట్టాడు. నేను ఉత్త నీళ్లే పోసి, పగుళ్ల మీద మెత్తగా తుడిచాను. ఆ ఒక్క రోజు తప్పు నాది, ఆమెది కాదు, ఆమెను కొడుకు దగ్గరికి పోనివ్వు తండ్రీ అని మల్లన్నను అడిగాను.